టేకు పెట్టెల మీద నా ముద్ర

రోజు 203

ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మూడో మట్టం సమితి కార్యదర్శి విఠల్ గారి గొంతు జలుబు చేసిన బర్రె గొంతులా ఉందని పోయినేడు ఇందులో రాసి, కింద సంతకం పెట్టి, నెలాఖరున ఆయన చేతికే ఇచ్చాను. "చూసితిమి" అని ముద్ర కొట్టి తిరిగి పంపారు. అప్పటి నుంచి నాకు రాతలో ధైర్యం వచ్చింది.

నా పేరు గట్టు ఓదెమ్మ. మూడో మట్టంలో ఇంటి స్పీకర్ పెట్టెల తనిఖీదారుని. పైన ఎండకు ఎవరూ నిలవలేక మా తాతలు ఈ పాత బొగ్గుగనిలోకి దిగి కాపురాలు పెట్టారు. ఇక్కడ ఫోన్లు పనిచేయవు. గాలి ఆఫీసు నుంచి ప్రతి ఇంటికీ ఒక తీగ వస్తుంది, దాని చివర ఒక పెట్టె ఉంటుంది. ఏ వీధిలో గాలి చెడింది, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎవరిది ఏ షిఫ్టు, అన్నీ ఆ పెట్టే చెప్పాలి. అది చెప్పిన మాట తెలియకపోతే మనిషి చెడ్డ గాలిలోకి నడిచిపోతాడు. అందుకే నా ముద్ర లేనిదే ఏ పెట్టే గోడెక్కదు.

నేను పొద్దంతా పాటలు వింటూ కూర్చుంటానని చాలామంది అనుకుంటారు. నాకు పాటతో పని లేదు, పెట్టెతోనే పని. అతుకు మీద గోరు లాగుతాను. గోరు ఆగిందంటే అతుకు తప్పు. వేలి కణుపుతో పక్కను కొడతాను. "టక్" అంటే సరే, "డబ్" అంటే పలక పలుచన. తలకిందులు చేసి ఊపుతాను. ముక్కు ఆనించి వాసన చూస్తాను. జిగురు ఆరకపోతే పులిసిన పిండి వాసన వస్తుంది.

ఈరోజు తొమ్మిది పెట్టెలు వచ్చాయి. ఎనిమిది పుట్టగొడుగుల పీచును అచ్చుపోసిన పలకలవి. ఒకదాని మూలలో నా దువ్వెన దూరింది. తయారుచేసినవాడిని అడిగితే, గాలి ఆడాలి కదమ్మా అన్నాడు.

తొమ్మిదోది రాజలింగు కాకది. మూడేళ్ల కిందట భార్య లస్మవ్వ పోయాక ఆయన మాటలు తగ్గించాడు, పెట్టెలు చేయడమూ మానేశాడు. మళ్లీ ఇవాళే వచ్చాడు. పెట్టె టేకుది. పలక రెండు వేళ్ల మందం. మూలల దగ్గర పళ్లు పళ్లుగా కోసి ఒకదానిలోకి ఒకటి దించాడు. గోరు ఎక్కడా ఆగలేదు. కొడితే బండను కొట్టినట్టుంది. పైన లక్క పాలిష్ ఎంత పలుచగా పట్టించాడంటే కట్టె గీతలు నీళ్లలో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. చుట్టూ నలుగురు ఉన్నారు కాబట్టి దాన్ని ముద్దు పెట్టుకోలేదు.

"కాకా, గీ కట్టె యాడిది?" అని అడిగాను.

"పైన పాత ఇండ్ల తలుపులు బిడ్డా. పోయిన చలివారంల, ఎండ తగ్గినప్పుడు, దింపుకొచ్చిన."

"ఎన్ని పెట్టెలైతయ్?"

"అయినన్ని."

మొదటి తరగతి ముద్ర కొట్టాను. ఆ ముద్ర వాడి రెండేళ్లయింది. సిరా ఎండిపోతే ఉమ్మి తడి పెట్టాల్సి వచ్చింది.

రోజు 206

ఆ పెట్టెను ఇంటికి తెచ్చుకున్నాను. నిబంధనల్లో "దీర్ఘకాల పరీక్ష" అని ఒక మాట ఉంది. ఎంత కాలమో రాయలేదు. నేను పని మానేసేదాకా అని అర్థం చేసుకున్నాను.

మా ఆయన మొగిలి పుట్టగొడుగుల తోట నుంచి వచ్చి, నేను పెట్టె తుడవడం కాసేపు చూశాడు.

"నన్నెన్నడన్న గట్ల తుడిసినవా?"

"నీకు గంత పాలిషెక్కడిది" అన్నాను.

సాయంత్రం విఠల్ గారి ప్రకటన వచ్చింది. మా పాత పెట్టెలో ఆయన మాటలు సగం మింగేసినట్టు వినిపించేవి. ఇందులో ఆయన కాగితం తిప్పడం, గుటక వేయడం కూడా తెలిశాయి. మొగిలి తినడం ఆపి విన్నాడు. నాలుగో వీధికి రేపు నీళ్లు రావట. మేముండేది ఐదో వీధి, అయినా ఇద్దరం చివరిదాకా విన్నాం.

రోజు 215

విఠల్ గారు స్వయంగా నా గదికి వచ్చారు. ప్రకటనలన్నీ ఆయనే చదువుతారు, ఇంకెవరినీ చదవనివ్వరు. రాజలింగు పెట్టె ఒకటి వాళ్లింటికీ చేరింది.

"ఓదెమ్మ గారూ, ముందుగాలనే చదివి రికార్డు చేసిన ప్రకటన మా ఇంట్ల కూసోని విన్న. నిజంగ నేనేనా అనిపించింది."

"మీరే సార్."

"గంత గంభీరంగ ఉంటదా నా గొంతు?"

"పెట్టె మంచిది సార్" అన్నాను. ఆయన చెవికి అందులో 'మంచిది' ఒక్కటే ఎక్కింది. నూరు పెట్టెలకు తక్కువ కాకుండా చేయమని రాజలింగుకు ఆ రోజే కబురు పంపారు.

రోజు 251

ఇప్పటికి కాక పెట్టెలు అరవై ఒకటి. ఒక్కదాన్ని కూడా తిప్పి పంపలేదు. నిజం చెప్పాలంటే రెండు వారాలుగా నేను తనిఖీ చేయడం లేదు, చూసి ఆనందిస్తున్నాను. రెండూ వేరు పనులని తెలుసు.

ఇవాళ ఒక పెట్టె పక్క పలక మీద బొట్టుబిళ్లంత మచ్చ కనిపించింది. ఏదో రంధ్రాన్ని టేకు పొడి, లక్క కలిపి పూడ్చాడు. గీతలు కూడా కలిసేలా గీశాడు. దానికి జానెడు దూరంలో ఇంకొకటి. రెండింటి చుట్టూ ఇనుము తాకిన నల్లటి మరక.

"తలుపుకు గింత లావు మేకులు కొడ్తరా కాకా?"

"ఎనుకటి తలుపులు బిడ్డా. అప్పుడు దొంగల భయం ఎక్కువ."

పూడ్చిన పనితనం చూసి ఇంకేమీ అడగలేదు. ముద్ర కొట్టాను.

మధ్యాహ్నం ఏడో వీధి ఫరీదా వచ్చింది. పిల్లలకు చదువు చెబుతుంది, నాకు చిన్నప్పటి నుంచి స్నేహితురాలు.

"అక్కా, మా తలుపు పట్టేస్తున్నది. తలుపు లావైందా, నేను లావైననా?"

రందా పట్టుకెళ్లి తలుపు పైఅంచు అర వేలు చిత్రిక పట్టి వచ్చాను. టీ ఇచ్చింది. టీలో నలుసులు పడ్డాయి, ఊది తాగాను.

రోజు 284

ఫరీదా తలుపు మూడోసారి పట్టేసింది. ఈసారి అసలు తెరుచుకోలేదు. పిల్లలిద్దరినీ వంటగది కిటికీలోంచి దించింది. నేను వెళ్లి తలుపును కాకుండా మొదటిసారి దాని చట్రాన్ని చూశాను. పైచెక్క నడుమ కిందికి వంగింది. పైన రెండు మూలల అతుకులూ తెరుచుకున్నాయి. పైనుంచి బరువు దిగితేనే మూలలు అట్లా తెరుచుకుంటాయి. ఇరవై ఏళ్లుగా మూలలే చూస్తున్నదాన్ని, రెండుసార్లు రందా పట్టి పోయాను.

ఫరీదా ఇంటి వెనక మూసేసిన పాత సొరంగం ఉంది. మొత్తం మట్టానికి గాలి తెచ్చే గొట్టం అందులోంచే వస్తుంది. ఆ సొరంగం కప్పును మోసేది మా తాతల కాలం నాటి టేకు కట్టె గుంజలు.

ఇంటికి వెళ్లి నా పెట్టె ముందు గుడ్డ విప్పాను. లోపలి స్పీకర్‌ను ఇక్కడ అందరం గొంతు అంటాం. ఆ గొంతును ఊడదీసి, దీపం, చిన్న అద్దం లోపల పెట్టి చూశాను. లోపలి పక్క లక్క కింద తెల్లరంగుతో రాసి ఉంది: 7–31.

మొగిలి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను. అద్దంలో చూపించాను.

"ఏడో వీధి గుంజ నంబరు" అన్నాడు.

ఇద్దరం గొట్టం బాగుచేసేవాళ్లు వెళ్లే చిన్న తలుపులోంచి సొరంగంలోకి దూరాం. ముప్పై తొమ్మిది గుంజలు లేవు. ఒకటి ఉంటే పక్కది లేదు. మొదళ్లు నేలకు సమంగా కోసి ఉన్నాయి. ఆ కోతల మీద అరచేయి పెట్టాను, గీసినట్టు నున్నగా ఉన్నాయి. ఎవరి చేయో వేరే చెప్పనక్కర్లేదు. పైన బండ పొట్ట దించింది. మిగిలిన గుంజల తలలు నలిగి చీపుర్లలా విచ్చుకున్నాయి.

రోజు 285

రాజలింగు కాక తన పనిగదిలో నూటనాలుగో పెట్టెకు పాలిష్ రుద్దుతున్నాడు.

"ముప్పై ఒకటో గుంజ నా ఇంట్ల పాటలు పాడుతున్నది కాకా" అన్నాను.

చేయి ఆపలేదు. "ఆ గుంజలు మా తాత నిలవెట్టినయి. ఏది బరువు మోస్తున్నదో, ఏది ఉత్తగ నిలవడ్డదో కొట్టి చూసే తీసిన. ఒకటి ఇడ్సి ఒకటి."

"బండ పొట్ట దించింది. ఫరీదా ఇంటి తలుపు తెరుసుకుంటలేదు."

చేయి ఆగింది. గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. నేను చూసిందంతా చెప్పాను. ఏ గుంజల తలలు విచ్చుకున్నాయో నంబర్లు అడిగాడు. ఒక్కొక్కటీ చెప్పాను.

"పని గింత తెలిసినోనివి. ఎట్ల జేసినవ్ కాకా?"

పాలిష్ డబ్బాకు మూత పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీ చిన్నమ్మ ఎట్ల పోయిందో యాదికున్నదా?"

"నాలుగో వీధిల గాలి చెడ్డప్పుడు."

"పెట్టె జెప్పింది. నాలుగో వీధికి పోవద్దని జెప్పింది. తేమకు ఉబ్బిన పీచు పలక బర్రుమని అదిరింది. ఆ అదురుల 'వద్దు' కొట్టుకపోయింది. లస్మికి 'పో' అనే ఇనవడ్డది. చెల్లె ఇల్లు ఆ వీధిలనే గదా, పిలుస్తున్నరేమో అనుకొని పోయింది." గొంతు మామూలుగానే ఉంది. "ఆ పెట్టె నేనే జేసిన. ఇగ పీచు పలక ముట్టనని అప్పుడే అనుకున్న."

ఆయనే మళ్లీ అన్నాడు.

"దాని మీద నీ ముద్ర గూడ ఉండె. నిన్ను నేనేమన్న అన్ననా?"

అనలేదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు. ఆ పెట్టె నాకు గుర్తుంది. వెనక మూలలో తెరుచుకున్న అతుకును మైనంతో కప్పి ఉంది. ఆ రోజు పద్దెనిమిది పెట్టెలున్నాయి, నాకు ఆకలిగా ఉంది. గోరు లాగకుండా ముద్ర కొట్టాను, తేమ ఆ అతుకులోంచే దూరి ఉంటుంది. లస్మవ్వ ఇంట్లో ఉన్నది ఆ పెట్టేనని ఇవాళే తెలిసింది. తెలుసుకోవాలని నేనెప్పుడూ చూడలేదు కూడా.

"సమితికి నువ్వే జెప్పాలె కాకా" అన్నాను చివరికి. "నేను పక్కన నిలవడ్త. నూటమూడు పెట్టెల మీద నా ముద్రలున్నయ్."

రోజు 286

సమితి ముందు రాజలింగు కాక నాలుగు వాక్యాల్లో చెప్పేశాడు. అందరూ ఒకేసారి మాట్లాడారు. పట్టుకుని కట్టేయాలని ఎవరో అన్నారు.

"నన్ను పట్టుకుందురు గని, ముందుగాల బండను పట్టుకోవాలె" అన్నాడు కాక.

ఇనుప గుంజలు ఉత్తరపు గనిలో ఉన్నాయి. పైన ఎండ తగ్గి బండ్లు కదలాలంటే ఎనిమిది రోజులు పడుతుంది. ఏడో వీధి నలభై ఇళ్లను బడిలోకి మార్చవచ్చు. కానీ సొరంగం కూలితే గాలి గొట్టం నలుగుతుంది. అప్పుడు మట్టంలో ఉన్న రెండు వేలమందికీ గాలి ఉండదు. వాళ్లను మార్చడానికి బడి చాలదు.

కాక తన ఆలోచన చెప్పాడు. టేకు పెట్టెల్లోంచి గొంతులు తీసేసి, సన్న ఇసుక కూరి, మూతులు బిగించి, నాలుగు వరసల దొంతరలుగా కప్పు కింద పేర్చాలి. గట్టి పెట్టెలో కదలకుండా కూరిన ఇసుక బండంత బరువు మోస్తుందట. దొంతరకు పదహారు చొప్పున ఆరు దొంతరలు. తొంభై ఆరు పెట్టెలు కావాలి.

"అతుకు తెరుసుకున్నదనుకో, ఇసుక కారుతది. ఒక్క పెట్టె ఇసుక కారితే దొంతర మొత్తం కూలుతది. అందుకని ఓదెమ్మ చూడాలె" అన్నాడు.

విఠల్ గారు అందరికంటే చివర మాట్లాడారు. "అన్నీ తీసేస్తే ఇండ్లల్ల నా గొంతెట్ల ఇనవడ్తది?"

"ఆ గొంతులను గిన్నెలల్ల పెట్టుకుంటరు సార్" అన్నాను. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారు.

రోజు 287

పొద్దున్నుంచి ఇల్లిల్లూ తిరిగి పెట్టెలు దింపాం. ఒక్కొక్కటి ఇద్దరు మోయాలి.

మామూలుగా ఇచ్చినవాళ్లు తక్కువ. ఒకరింట్లో పెట్టెకు అల్లిన కుచ్చుల గలేబు తొడిగి ఉంది, దాన్ని ఎవరూ విప్పకుండా ఇంటామె నలభై ముడులు వేసి ఉంచింది. ఒకరు దాని మీద దేవుడి పటం అతికించారు, దేవుణ్ణి గీకలేక పటంతోనే ఇచ్చారు. మూడో వీధి ముసలాయన ఒకడు పెట్టె మీద కూర్చుని లేవనన్నాడు.

"గిదొక్కటే మంచి సామాను నా ఇంట్ల."

"తాతా, అది ఎవరి గుంజనో తెలుసా?"

"ఎవరిదైతేంది, నా కింద మంచిగున్నది."

మొగిలీ నేనూ కలిసి ఆయన్ని పెట్టెతో సహా ఎత్తి గుమ్మం దాకా మోశాం. అక్కడ గాలి గొట్టం సంగతి చెప్పాను. దిగాడు. పెట్టెను చేత్తో ఒకసారి నిమిరి, ముందు తనే ఒక పక్క పట్టుకున్నాడు.

ఊడదీసిన గొంతులను ఎవరికి దొరికిన దానిలో వాళ్లు పెట్టుకున్నారు. కుండలు, బకెట్లు, పీట కింద. ఫరీదా బడిలో తన బిర్యానీ హండీలో పెట్టింది. సాయంత్రం విఠల్ గారి ప్రకటన అందులోంచి వింటే ఆయనను దమ్ పెట్టి మూత వేసినట్టుంది. కానీ ప్రతి మాటా తెలిసింది. ఎవరింట్లో ఏ గిన్నెలో మాట తెలుస్తుందో, ఏ గిన్నెలో తెలియదో ఇంటింటికీ వెళ్లి విన్నాను. ఎనిమిది గిన్నెలు మార్పించాను.

రోజు 288

నూటనాలుగు పెట్టెలు బడి ముందు వరసగా పెట్టాం. నేను ఒక్కొక్కదాని వెనక నుంచి మొదలుపెట్టాను. మూడు నెలలుగా ముందు వైపు చూసి మురిసిపోయాను కదా. ఆరబెట్టిన సన్న ఇసుక నింపి, కింద నల్ల గుడ్డ పరిచి, నాలుగు మూలల మీద సుత్తితో కొట్టాను. గుడ్డ మీద ఒక్క గింజ పడినా పక్కకు తోశాను.

పదమూడు కారాయి. వాటిలో నా ఇంటి పెట్టె ఉంది. ముందు మూలలు నాలుగూ అద్దాల్లా ఉన్నాయి. వెనక కింది మూలలో ఒక పన్ను పొట్టిగా కోసి, లక్కతో నింపాడు. కాకను పిలిచి చూపించాను.

"ఇది మొట్టమొదటిది. చెయ్యి వణికింది" అన్నాడు. "నువ్వు ఎనక చూస్తవని భయపడ్డ."

"చూడలే" అన్నాను.

విఠల్ గారు గుడ్డ మీది ఇసుకను చూసి, "గింత పొడికేమైతది ఓదెమ్మ గారూ, కానియ్యండ్రి" అన్నారు.

"కారుతున్నది సార్."

"మొదటి తరగతి ముద్ర మీరే కొట్టిన్రు గదా?"

"తప్పు కొట్టిన" అన్నాను. అందరి ముందు ఆ మాట అనడం నేననుకున్నంత కష్టం కాలేదు. మొన్న సమితిలో రాజలింగు కాక అన్నదానికంటే తేలిక.

తొంభై ఒకటి మిగిలాయి. కాక ఆ పదమూడింట్లోంచి ఏడు ఏరుకుని, మూలలకు ఇనుప పట్టీలు కట్టి, అతుకులు మళ్లీ కొట్టి తెచ్చాడు. రెండింటిని తిప్పి పంపాను. వాదించలేదు. ఐదు తీసుకున్నాను. సరిగ్గా తొంభై ఆరు.

రోజు 289

మధ్యాహ్నానికి ఆరు దొంతరలూ లేచాయి. ఒక్కొక్కదాని మీద, బండకూ పెట్టెకూ మధ్య చెక్క ముక్కలు దూర్చి సుత్తులతో బిగించారు. పని చేసినవాళ్లంతా బయటికి వెళ్లారు. ఎవరో ఒకరు లోపల ఉండి, బండ దిగేకొద్దీ ఎక్కడ వదులైందో చూసి బిగిస్తూ ఉండాలి. కాక ఉంటానన్నాడు. పెట్టెలు చదవడం నాకొచ్చినట్టు ఆయనకు రాదు కాబట్టి నేనూ ఉన్నాను. మొగిలి అన్నం తెచ్చే వంకతో గంటకోసారి వచ్చి వెళ్తున్నాడు.

బండ మెల్లగా దొంతరల మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కట్టె మూలిగింది. ముందు ఒక మూల, తర్వాత ఇంకో మూల.

"భయపడకు. కట్టె జెప్పి విరుగుతది బిడ్డా. ఇనుము జెప్పది."

"గిప్పుడేమంటున్నది?"

"మోస్తున్న అంటున్నది."

నాలుగో దొంతరలో కింది నుంచి రెండో వరస దగ్గర సన్నటి చప్పుడు విన్నాను. కట్టె చప్పుడు కాదు, ఏదో జారుతున్న చప్పుడు. దీపం పట్టి చూస్తే దారమంత ఇసుక కారుతోంది. ఇనుప పట్టీ కట్టిన ఐదు పెట్టెల్లో ఒకటి. నేను తీసుకున్నదే.

చెప్పేలోపే కాక వచ్చి కుడి అరచేతితో ఆ అతుకును నొక్కి పట్టాడు. "పట్టీ తే. ఆ పొడుగు పట్టీ" అన్నాడు. తెచ్చాను. చుట్టూ తిప్పి బిగించాలి. పక్క దొంతర గట్టిగా మూలిగింది. పెట్టె వెంట్రుకంత కదిలింది. కాక ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు. ఆయన చూపుడు వేలు పెట్టెకూ కింది పెట్టెకూ మధ్య చిక్కింది.

"కాకా, చెయ్యి తియ్."

"నువ్వు బిగియ్ ముందు."

బిగించాను. పట్టీకి మేకు కొట్టి, సుత్తి పట్టుకునే, అతుకు మీద గోరు లాగి చూశాను. ఆగలేదు. ఇసుక ఆగింది. అప్పుడు చెక్క ముక్క దూర్చి పైపెట్టెను లేపి ఆయన వేలు విడిపించాను. మొదటి కణుపు దాకా నలిగిపోయింది. ఆయన తలగుడ్డ చింపి కట్టాను.

"లస్మికి గిట్లనే గుడ్డ కట్టినవా నువ్వు?" అని అడిగాడు. ఆయనకు నొప్పితో తల తిరుగుతోంది.

"చిన్నమ్మకు నేనేం కట్టలే కాకా. నాలుగో వీధిల ఆమెను మోసుకొచ్చినోళ్లల్ల కూడ నేను లేను."

"ఉంటివి. నువ్వు కాళ్ల దగ్గర పట్టుకున్నవ్."

నాకు గుర్తు లేదు. నిజమో కాదో అడగలేదు. గోడకు ఆనుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మొగిలి అన్నం తెచ్చాడు. కాక ఎడమ చేత్తో తిన్నాడు.

రోజు 297

ఇనుప గుంజలు వచ్చాయి. పన్నెండుమంది కలిసి ఒక పగలంతా నిలబెట్టారు. ఆఖరి గుంజ మరలు బిగించాక గాలి ఆఫీసు నుంచి కొలత తీసి, బండ ఆగిందని చెప్పారు. వెంటనే ఫరీదా ఇంటికి పోయాం. నేను రందా పట్టి వదులు చేస్తే తను తలుపు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చట్రం వంకర అలాగే ఉంది. మార్చవద్దంది.

దొంతరలు మూడు వేళ్ల మేర అణిగాయి. ఒక్క పెట్టె పగిలింది, ఇసుక కారలేదు. వాటిని బయటికి తీయాలా అని సమితిలో అడిగితే ఎవరూ చేయెత్తలేదు.

రాజలింగు కాకను ఏం చేయాలన్న దాని మీద రెండు పూటలు మాట్లాడారు. కొందరు గని నుంచి వెళ్లగొట్టాలన్నారు. ఎండలోకి వెళ్లగొట్టడమంటే ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట రెండోసారి ఎవరూ అనలేదు. చివరికి ఆయన కట్టె ముట్టకూడదని, పీచు పలకతోనే పెట్టెలు చేయాలని, గిన్నెల్లో ఉన్న గొంతులన్నిటికీ మళ్లీ ఇళ్లు కట్టాలని తీర్మానించారు. అదే శిక్ష. వేలు సగం లేని చేత్తో కలం పట్టలేక ఆయన కాగితం మీద వేలిముద్ర వేశాడు.

నా మీద కూడా మాట్లాడారు. ముద్ర తిరిగి ఇచ్చేస్తానని బల్ల మీద పెట్టాను. ఇంకెవరికైనా ఈ పని కావాలా అని విఠల్ గారు చుట్టూ చూశారు. సుత్తి పట్టుకుని ఇసుక గింజలు లెక్కపెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ముద్ర మళ్లీ నా వైపు తోశారు.

రోజు 331

మూడు రోజుల కిందట కాక మొదటి పీచు పెట్టె తెచ్చాడు. లోపల అంతా మైనం, లక్క కలిపి పట్టించాడు. తేమ ఎక్కకూడదని మూలల్లో గుడ్డ పట్టీలు అతికించాడు. నున్నగా ఉంది. మూడేళ్ల నుంచి ముట్టని పని, అందులోనూ తొమ్మిది వేళ్లతో చేసింది. ఇది చూసి నేను ఏమంటానా అని నా ముఖం చూడకుండా గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

వెంటనే చెప్పలేదు. పెట్టెను మూడు రోజులు పుట్టగొడుగుల తోటలో, నీటిఆవిరి ఎక్కువుండే చోట మొగిలితో పెట్టించాను. ఇవాళ తెప్పించి, కాకను పిలిచి, గొంతు బిగించి విఠల్ గారి ప్రకటన వినిపించాను. ఆరో వీధిలో పైపు బాగుచేస్తున్నారు, అటు ఎవరూ పోవద్దు అని వచ్చింది. "వద్దు" దగ్గర కింది పలక సన్నగా బర్రుమంది. మాట పోలేదు. కానీ బర్రుమంది.

"తిప్పి పంపుతున్న కాకా."

"మళ్ల ఇనిపియ్."

వినిపించాను. ఆయన పెట్టె పక్కన వంగి చెవి ఆనించాడు. తర్వాత ఎడమ చేతి వేలి కణుపుతో కింది పలకను కొట్టాడు, మళ్లీ చెవి ఆనించాడు.

"నడుమ ఒక అడ్డపట్టీ పడాలె" అన్నాడు.

"రెండు పడాలె."

"రెండంటవా?"

"రెండు."

పుస్తకంలో "తిరస్కరణ" అని రాసి, కారణం రాసి, ఆయన వైపు తిప్పి చూపించాను. వేలు పెట్టి చదివాడు. అక్షరం అక్షరం చదివాడు. ఆ తర్వాత లేచి పెట్టెను చంకలో పెట్టుకున్నాడు.

"గిట్లనే చూడు బిడ్డా" అని, ముద్ర పడ్డ మనిషిలా చక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.